కాళ్ల సంగతి తర్వాత, ముందు కళ్లు

ఈ నెల ఉత్తరాల్లో నాలుగు కపోయెరా గురించే వచ్చాయి. పాటతో, వాద్యంతో, ఇద్దరిద్దరుగా ఆడే బ్రెజిల్ పోరాట విద్య అది. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు వాయిదా వేసి, వీటన్నిటికీ ఒకేచోట జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, నమస్కారం. మాది బాపట్ల దగ్గర పల్లెటూరు. పెళ్లయి అమెరికా వచ్చి పద్దెనిమిదేళ్లయింది, ఫ్రీమాంట్‌లో ఉంటాం. నాకు 43. మా పాపకు పదకొండేళ్లు, ఏడాదిగా కపోయెరా నేర్చుకుంటోంది. నేను దాన్ని దింపి, కారులో కూర్చుని, క్లాసయ్యాక తీసుకొస్తుంటాను. పోయిన వారం వాన ఎక్కువగా ఉంటే లోపలికి వెళ్లాను. వాళ్లు గుండ్రంగా నిలబడి పాడుతూ చప్పట్లు కొడుతుంటే నాకు తెలియకుండానే నేనూ కొట్టేశాను. టీచరు చూసి, "పెద్దవాళ్ల కొత్త బ్యాచ్ గురువారం మొదలవుతుంది, రండి" అన్నారు. సరే అనేశాను. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. చిన్నప్పుడు స్కూల్లో కబడ్డీ ఆడటం తప్ప నాకు ఏ ఆటా రాదు. కుడి మోకాలు అప్పుడప్పుడు పట్టేస్తుంది. చేతుల మీద నిలబడమంటే ఎలా? పాడమంటే ఎలా? పాప ముందు పరువు పోతుందేమో. మీరు నేర్చుకున్నారని ఒకసారి రాశారు కదా. మొదటి రోజు ఏం జరుగుతుందో ఉన్నదున్నట్టు చెప్పండి.
– ఒక పాఠకురాలు, ఫ్రీమాంట్

జవాబు: చెల్లీ, ముందు ఆ గురువారం క్లాసు మానకండి. బుధవారం రాత్రికి మనసు వంద సాకులు వెతుకుతుంది, నాకు తెలుసు. 2013లో, నాకు 44 ఏళ్లప్పుడు, నేను వరసగా రెండు వారాలు హాలు పార్కింగ్ దాకా వెళ్లి, లోపలి నుంచి డప్పు చప్పుడు వినిపించగానే కారు తిప్పుకుని ఇంటికి వచ్చేశాను. మూడో వారం తలుపు తీసుకుని లోపలికి వెళ్లాను.

వెళ్లగానే నా కంట పడింది టీచరు బెరింబావ్ అనే ఒంటితీగ వాద్యానికి తీగ ఎక్కించడం. భుజమెత్తు కర్ర. దాని కింది కొసను పాదానికి ఆనించి, మోకాలితో కర్రను వంచి, పాత కారు టైరులోంచి తీసిన ఉక్కు తీగను లాగి బిగించారు. కర్ర విల్లులా నిలిచింది. పైభాగం కోసి, గింజలు తీసేసిన ఎండు బుర్రనొకదాన్ని తాడుతో దానికి కట్టారు. సొరకాయ బుర్రలాగే ఉంది. ఆ మొత్తం బరువు ఎడమచేతి చిటికెనవేలి మీద నిలుస్తుంది. అదే చేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక చిన్న రాయి. కుడిచేతిలో సన్నటి పుల్ల, దానితోపాటే గింజలు పోసి అల్లిన చిన్న గిలక బుట్ట. రాయిని తీగకు ఆనించి పుల్లతో కొడితే ఒక స్వరం, తీసేసి కొడితే ఇంకో స్వరం. బుర్రను పొట్టకు ఆనిస్తే శబ్దం మూసుకుంటుంది, దూరం జరిపితే తెరుచుకుంటుంది. ఆ ఒక్క తీగే హాలు మొత్తాన్ని నడిపిస్తుంది. ఆట నెమ్మదిగా సాగాలా, వేగంగా సాగాలా, ఎప్పుడు ఆపాలి, అన్నీ అది చెప్పినట్టే. అందుకని క్లాసుకు పది నిమిషాలు ముందు వెళ్లి ఈ తీగ ఎక్కించడం చూడండి. నా భయం సగం అక్కడే పోయింది.

పాడమంటే ఎలా అన్నారు. బాపట్ల వైపు పుట్టి పెరిగారు, బుర్రకథ చూసే ఉంటారు. కథకుడు చరణం ఎత్తుకోగానే పక్కనున్న ఇద్దరూ "తందాన తాన" అంటారే, అక్కడ మీకు అప్పగించే పని అదే. ఒకరు పాడతారు, చుట్టూ ఉన్నవాళ్లు వంత పాడతారు. వంత చాలా పాటల్లో ఒక్క లైనే ఉంటుంది. భాష పోర్చుగీసు. మొదటి రోజు నోరు తిరగకపోతే రాగం పట్టుకుని కూనిరాగం తీయండి, చప్పట్లు మాత్రం ఆపకండి. మధ్యలో ఆడుతున్నవాళ్లకు ఆ చప్పట్లే ఊపిరి. నాలుగు చేతులు ఆగిపోతే ఆట ఎలా చల్లబడుతుందో రెండు మూడు వారాల్లో మీకే తెలుస్తుంది.

గుండ్రంగా నిలబడే ఆ వలయాన్ని రోదా అని రాస్తారు, బ్రెజిల్ వాళ్లు హోదా అని పలుకుతారు. చక్రం అని అర్థం. పేరున్న పెద్ద గురువును మెస్త్రి అంటారు. మన తాపీమేస్త్రిలోని మేస్త్రి కూడా ఆ పోర్చుగీసు మాట నుంచి వచ్చిందే. ఈ సంగతి తెలిసిన రోజు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. నేర్పే పద్ధతి కూడా మన మేస్త్రిల లాంటిదే, పక్కన నిలబడి చెయ్యి పట్టి దిద్దడం. బ్రెజిల్‌లోని సాల్వడోర్ నగరంలో 1932లో మొదటి కపోయెరా పాఠశాల తెరిచిన మెస్త్రి బింబా, కొత్తగా వచ్చినవాళ్ల రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని మొదటి అడుగు వేయించేవారు. మా టీచరూ అలాగే చేశారు.

ఆ మొదటి అడుగు పేరు జింగా. ఊగడం అనుకోండి. కపోయెరాలో ఎవరూ కదలకుండా నిలబడరు. తన్నినా, తప్పుకున్నా తిరిగి ఈ ఊగులోకే వస్తారు. మా టీచరు సుద్దముక్కతో నేల మీద ముక్కోణం గీశారు. ముందు రెండు మూలల్లో రెండు పాదాలు, భుజాల వెడల్పున. మూడో మూల వెనక ఉంటుంది. కుడికాలు ఆ వెనక మూలకు వెళ్తుంది, ఎడమ మోకాలు వంగుతుంది, కుడిచెయ్యి ముఖానికి అడ్డం వస్తుంది. కుడికాలు తన చోటికి వచ్చాక ఎడమకాలు వెనక్కి, ఎడమచెయ్యి అడ్డం. ఇంతే. అయినా మొదట్లో చెయ్యీ కాలూ కలవవు. అప్పుడు ఆపేసి, హాల్లో ఆ కొస నుంచి ఈ కొసకు మామూలుగా నడవండి. నడకలో కుడికాలు వెనక ఉన్నప్పుడు మీ కుడిచెయ్యే కదా ముందుకు ఊగుతుంది. జింగాలోనూ అంతే. ఏడాది వయసులో నేర్చుకున్న నడకే ఇక్కడ పక్కలకు తిరిగింది.

ఇక నేను చేసిన పెద్ద పొరపాటు చెప్తాను. ఆ రోజు గంటసేపూ నేను నా పాదాలనే చూసుకున్నాను. ముక్కోణం తప్పుతున్నానా, కాలు సరిగా పడిందా అని ఇదే ధ్యాస. టీచరు రెండుసార్లు చూసి, మూడోసారి దగ్గరికొచ్చి, "నేల ఎక్కడికీ పోదు. ఎదురుగా ఉన్న మనిషి పోతాడు" అన్నారు. తర్వాత నా ఎదురుగా నిలబడి, ఏమీ నేర్పకుండా, నా కళ్లలోకి చూస్తూ జింగా చేశారు. నేను కిందికి చూసిన ప్రతిసారీ ఆగిపోయారు. తలెత్తగానే మళ్లీ మొదలుపెట్టారు. అలా అయిదు నిమిషాలు గడిచేసరికి నా కాళ్లు వాటంతటవే చోటు వెతుక్కున్నాయి.

మీరు కబడ్డీ ఆడానన్నారు చూడండి, మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన మాట అది. కూత పెట్టి అవతలి గీత దాటినప్పుడు మీ కాళ్ల వంక చూసుకున్నారా? ఎవరు ముందుకు వంగుతున్నారు, ఎవరి చూపు మీ మడమ మీద ఉంది, ఎవరు చేతులు కలిపి గొలుసు కట్టబోతున్నారు, ఇవే కదా చూశారు. గురువారం మీతో తీసుకెళ్లాల్సింది ఆ చూపే. అది ఉన్నవాళ్లకు అడుగులు నెలలో వస్తాయి. అది లేకుండా అడుగులు మాత్రమే నేర్చినవాళ్లను నేను చూశాను, ఎన్నేళ్లయినా వాళ్లు ఒంటరిగానే ఆడుతున్నట్టుంటారు.

తర్వాత ఒక తన్నూ, దాని నుంచి తప్పుకోవడమూ నేర్పుతారు. సాధారణంగా మొదటిది ముందువైపు అర్ధచంద్రం. మోకాలు బిగించి కాలిని బయటి నుంచి లోపలికి, ఎదుటివాళ్ల ముఖం ముందుగా అర్ధచంద్రంలా తిప్పడం. తగలకూడదు. కొత్తవాళ్లు నడుమెత్తున తిప్పినా చాలు. దాన్ని తప్పించుకోవడానికి కొకొరీన్య అని ఒకటుంది. మన భాషలో చెప్పాలంటే గొంతుక్కూర్చోవడం. ఒక చెయ్యి ముఖానికి అడ్డం, ఇంకోటి పక్కన నేల మీద. నా బ్యాచ్‌లోని అమెరికా వాళ్లు చాలామందికి మడమలు నేలకు ఆనలేదు, వెనక్కి పడిపోయేవాళ్లు. నేను హాయిగా కూర్చున్నాను. ఇంటి ముందు ముగ్గు వేసినవాళ్లం, కత్తిపీట ముందు కూర్చుని కూరలు తరిగినవాళ్లం, మనకు అది ఒంట్లో ఉంది. అయితే మీ మోకాలి సంగతి వేరు. నొప్పి ఒక ఎత్తు, పట్టేయడం ఇంకో ఎత్తు. ఇంతవరకు డాక్టరుకు చూపించకపోతే చూపించండి. క్లాసు మొదలవకముందే టీచరుకు చెప్పండి, మధ్యలో చెప్పడానికి మొహమాటపడతాం. సగం దాకానే వంగండి, లేదా ఒళ్లు పక్కకు వాల్చి తప్పుకునే పద్ధతి అడగండి, అదీ ఉంది. తలకిందులు కావడం మాట వస్తే, బీపీ ఉన్నవాళ్లూ, కళ్లు తిరిగేవాళ్లూ డాక్టరును అడగకుండా ఆ పని పెట్టుకోకూడదు. చేతుల మీద నిలబడటాన్ని అరటిచెట్టు అంటారు వాళ్లు. మొదటి రోజు అరటిచెట్టు ఎవరూ అడగరు. అడిగితే "ఇవాళ వద్దు" అనండి, ఎవరూ ఏమీ అనుకోరు. చేతులు నేలకు ఆనించి, కాళ్లు కాస్త ఎత్తి అటు నుంచి ఇటు గెంతడం వరకు చేయిస్తారు.

మణికట్లు జాగ్రత్త. రెండో వారమే నేను ట్రాఫిక్‌లో చిక్కుకుని ఆలస్యంగా వెళ్లి, వార్మప్ లేకుండా నేరుగా ఆ గెంతుల వరసలో నిలబడ్డాను. ఎడమ మణికట్టు బెణికింది. మూడు వారాలు చపాతీ పిండి కలపలేకపోయాను, తడిబట్ట పిండలేకపోయాను. ఆలస్యమైతే ఒక పక్కన నిలబడి మీ వార్మప్ మీరు చేసుకుని ఆ తర్వాతే కలవండి.

బట్టల సంగతి. ఒదులుగా ఉండే పాత ట్రాక్ ప్యాంటు, పొడుగు టీషర్టు లోపలికి దోపుకోండి, వంగినప్పుడు పైకి లేవకుండా. చున్నీ వద్దు. జడ గట్టిగా ముడి వేసి రబ్బరు బ్యాండు పెట్టండి, పిన్నులు పెట్టొద్దు. గాజులు, గొలుసులు ఇంట్లోనే ఉంచండి. తాళి తీయడం ఇష్టం లేకపోతే టీషర్టు లోపల వేసి చిన్న పిన్నీసుతో లోపలి బట్టకు పట్టించుకునేవాళ్లున్నారు. పిన్నీసు కంటే మెత్తటి టేపు మంచిదని నా అనుభవం. మెట్టెల గురించి ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. ఉత్తి కాళ్లతో మునివేళ్ల మీద తిరిగేటప్పుడు మెట్టె నేలకు పట్టుకుని వేలు మెలిపడుతుంది. తీయగలిగితే తీయండి. లేదంటే మందుల షాపులో దొరికే గుడ్డ టేపు పక్కవేలితో కలిపి రెండు చుట్లు చుట్టండి. ఇక వెళ్లే ముందు అన్నం తినొద్దు, రెండు గంటల ముందు ఒక అరటిపండో ఇడ్లీయో చాలు.

ఉత్తి కాళ్లేనా, బూట్లా అనేది ఫోన్ చేసి అడగండి. అది బృందాన్ని బట్టి ఉంటుంది. బింబా తీర్చిదిద్దిన పద్ధతిని రీజినల్ అంటారు. అందులో వేగం ఎక్కువ, నిలువుగా నిలబడి ఆడటం ఎక్కువ. అదే సాల్వడోర్‌లో 1941లో మెస్త్రి పస్తిన్య తన పాఠశాల పెట్టి పాత పద్ధతిని కాపాడారు. దాన్ని అంగోలా అంటారు. అది నేలకు దగ్గరగా, నెమ్మదిగా, ఒకరినొకరు మాయ చేస్తూ సాగుతుంది. అంగోలావాళ్లు సాధారణంగా బూట్లు వేసుకునే ఆడతారు. ఇప్పుడు చాలా బృందాలు రెండూ కలిపి నేర్పుతున్నాయి. నన్నడిగితే, మోకాలి బాధ ఉన్నవాళ్లు ఏది ఎక్కువ బాగుంటుందో పేరు చూసి తేల్చుకోకూడదు, ఆ టీచరు మిమ్మల్ని ఎంత గమనిస్తున్నారో చూసి తేల్చుకోవాలి.

క్లాసు చివర హోదా, అంటే ఆ వలయంలో ఆట, ఉంటుంది. బెరింబావ్ ముందు ఇద్దరు గొంతుక్కూర్చుని, చెయ్యి చెయ్యి కలిపి, వలయంలోకి వెళ్తారు. కొత్తవాళ్లను కూడా పిలుస్తారు. నన్ను పిలిచినప్పుడు నా ఎదురుగా వచ్చి కూర్చున్నది పదకొండేళ్ల పిల్లవాడు. అరచేయి అందించాడు, తడిగా ఉంది, వాడికీ చెమటే. లోపలికి వెళ్లాక అర్ధచంద్రం ఎంత నెమ్మదిగా వేశాడంటే, వాడి పాదం నా కళ్ల ముందు నుంచి పోతుంటే అరికాలికి అంటిన దుమ్ము కూడా కనిపించింది. నేను కూర్చునేదాకా ఆ కాలు ఆగినట్టే అనిపించింది. కూర్చున్నాను. లేచి నేనూ ఒకటి వేశాను, నడుమెత్తున. వాడు దానికి ఎంత కావాలో అంతే వంగాడు. నేను రెండు వేస్తే రెండు తప్పుకున్నాడు. బెరింబావ్ పిలిచేసరికి నిమిషం కూడా అయ్యుండదు. వాడు నవ్వి మళ్లీ చెయ్యి అందించాడు. ఆ పిల్లవాడు నాకు తన్నడం నేర్పలేదు, నేను తప్పుకోగలిగేంత చోటు ఇచ్చాడు. కపోయెరా అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ ఆ దుమ్ము అంటిన పాదమే గుర్తొస్తుంది.

పోర్చుగీసులో కూడా కపోయెరాను ఆడతారనే అంటారు, పోట్లాడతారని అనరు. మన ఆట అనే మాటలో ఆటా ఉంది, నాట్యమూ ఉంది. అందుకని తెలుగులో కపోయెరా ఆడుతున్నాను అంటే దాని అర్థం మొత్తం వచ్చేస్తుంది.

వయసు గురించి. బింబా శిష్యుడు మెస్త్రి అకోర్డియన్ 1970ల చివర్లో మీ వైపే, బర్కిలీకి వచ్చి నేర్పడం మొదలుపెట్టారు. నేను చేరిన 2013లోనే ఆయన 70 ఏళ్ల వయసులో బర్కిలీ నుంచి సాల్వడోర్‌కు శిష్యులతో కలిసి సైకిల్ మీద బయల్దేరారు, ఏడాది ప్రయాణం. ఆడవాళ్ల మాటకొస్తే, శాన్‌ఫ్రాన్సిస్కోలో 1991లో బృందం పెట్టి నడిపిస్తున్న మెస్త్రా సిగార్రా ఉన్నారు. సిగార్రా అంటే కీచురాయి. మీకు 43 అంటే చాలా సమయం ఉంది.

పాప ముందు పరువు అన్నారు. ఆ హాల్లో మీ పాప మీకంటే ఏడాది సీనియరు. బుధవారం సాయంత్రం వంటింట్లోనే, "నాకు జింగా చూపించవే" అని అడగండి. దాని చేతులు మీ చేతుల్లో పెట్టండి. అది తప్పులు దిద్దుతుంది, కోప్పడుతుంది కూడా, పిల్లలు టీచర్లయితే అంతే. దాని కళ్లలోకి చూస్తూ అడుగు వేయండి. ఎలా జరిగిందో నాకు రాయండి, ఎదురుచూస్తుంటాను.

ప్రశ్న: మా మనవడు శాన్ హోసేలో కపోయెరా నేర్చుకుంటున్నాడు. వీడియో కాల్‌లో చూశాను. పాటలో ఎవరో సెయింట్ పేరు వస్తుందట. ఆడే ముందు నేలను తాకి ఏదో గీస్తున్నాడు. అది వేరే మతం ప్రార్థనా? అడిగితే కోడలు నొచ్చుకుంటుందని మీకు రాస్తున్నాను.
– ఒక నాయనమ్మ, రాజమండ్రి

జవాబు: అమ్మగారూ, కోడలిని అడగకుండా నాకు రాసినందుకు సంతోషమే, కానీ ఇది ఆమెను అడగదగ్గ ప్రశ్నే. మీరు విన్నది సెయింట్ బెనెడిక్ట్ పేరు అయ్యుంటుంది. పాముల నుంచి కాపాడతాడని బ్రెజిల్ జనం తలుచుకునే సెయింట్. మన పల్లెల్లో పుట్ట దగ్గర పాలు పోసేటప్పుడు మనసులో ఉండే భయమూ భక్తీ లాంటిదే అది. కొన్ని పాటల్లో మరియమ్మ తల్లి వస్తుంది, కొన్నిటిలో ఆఫ్రికా దేవతలు వస్తారు. ఎందుకంటే ఈ ఆటను పుట్టించినవాళ్లు అంగోలా, కాంగో లాంటి చోట్ల నుంచి బానిసలుగా బ్రెజిల్‌కు తీసుకురాబడిన మనుషులు, వాళ్ల పిల్లలు. వాళ్ల ఊళ్లు పోయాయి, పేర్లు పోయాయి. మిగిలినవి పాటలోనే దాచుకున్నారు. ఓడలో వచ్చిన తాత, చెరకుతోట, సముద్రం, అన్నీ ఆ పాటల్లో ఉంటాయి.

నేలను తాకడం మనకు కొత్త కాదు. కూచిపూడి నేర్చుకునే పిల్ల కాలు తట్టే ముందు భూమికి నమస్కరిస్తుంది కదా. మీ మనవడు చేస్తున్నదీ ఆ మర్యాదే. గీత గీయడం కొందరికి ప్రార్థన, కొందరికి పెద్దల దగ్గర చూసి వచ్చిన అలవాటు. నేను నేలను తాకి కళ్లకు అద్దుకుంటాను, ఇన్నేళ్లలో ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదు. నా పక్కన ముస్లిములు, యూదులు, ఏ దేవుణ్ణీ నమ్మనివాళ్లు ఆడారు. 2014లో యునెస్కో ఈ కపోయెరా వలయాన్ని మానవాళి వారసత్వ సంపదల జాబితాలో చేర్చింది. వచ్చే వీడియో కాల్‌లో మనవణ్ణి ఆ పాట అర్థం చెప్పమనండి. చెప్పలేకపోతే టీచరును అడిగి వచ్చి మీకు చెప్తాడు. అది వాడికీ మంచిదే.

ప్రశ్న: హాస్టల్ గదిలో వీడియోలు చూసి కపోయెరా పల్టీలు నేర్చుకుంటున్నాను. మా ఊళ్లో క్లాసులు లేవు. ఇది ఆత్మరక్షణకు పనికొస్తుందా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: బాబూ, పల్టీలు ఆపెయ్. హాస్టల్ గదిలో మంచం అంచు ఎంత దూరంలో ఉంటుందో నాకు తెలుసు. మెడ మీద పడితే తిరిగి రాదు. జింగా చెయ్యి, తప్పుకునే పద్ధతులు చెయ్యి, గొంతుక్కూర్చుని లేవడం చెయ్యి, వీటికి గది చాలు. ఒక స్నేహితుణ్ణి ఎదురుగా నిలబెట్టుకో. వాడికి కపోయెరా రాకపోయినా ఫరవాలేదు, చెయ్యి నెమ్మదిగా నీ ముఖం వైపు తీసుకురమ్మను, నువ్వు తప్పుకో. ఒక్కడివే చేసే పల్టీ కంటే అదే కపోయెరాకు దగ్గర. మీ వైపు కర్రసాము నేర్పే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారేమో కనుక్కో. ఉంటే ముందు వాళ్ల దగ్గరికి వెళ్లు, దూరం ఎలా కొలవాలో వాళ్లకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

ఆత్మరక్షణ కోసమే అయితే నా జవాబు సూటిగా చెప్తాను. మొదటి ఏడాది కపోయెరా వీధి గొడవలో నిన్ను కాపాడదు. కాపాడుతుందనుకుని నిలబడటమే ప్రమాదం.

ప్రశ్న: మా అబ్బాయి ఆస్టిన్‌లో కపోయెరా క్లాసుకు వెళ్తాడు. కరాటే బెల్టులా నడుముకు కట్టే మొదటి తాడు ఇచ్చే వేడుకలో వాడికి 'సాపో' అని పేరు పెట్టారు. కప్ప అని అర్థమట. మా ఆవిడకు చాలా బాధగా ఉంది. మంచి పేరు పెట్టి కప్ప అని పిలిపించుకోవాలా అంటోంది. వాడు మాత్రం ఏమీ అనడం లేదు.
– ఒక తండ్రి

జవాబు: మీ ఆవిడ బాధ న్యాయమే. పేరు విషయంలో మనం అంత ఆలోచిస్తాం, నక్షత్రం చూస్తాం, తాత పేరు కలుపుతాం. అయితే ఈ ముద్దుపేర్ల వెనక ఉన్న సంగతి ఆమెకు చెప్పండి. బ్రెజిల్‌లో 1888లో బానిసత్వం రద్దయింది. రెండేళ్లకే, 1890లో వచ్చిన శిక్షాస్మృతి కపోయెరాను నేరం చేసింది. వీధిలో ఆడితే జైలు. అలాంటి రోజుల్లో అసలు పేరు పోలీసులకు తెలియకపోవడమే రక్ష. పట్టుబడ్డవాడు పక్కవాడి పేరు చెప్పాలన్నా, ముద్దుపేరు తప్ప ఏమీ తెలిసేది కాదు. గుర్రాల మీద పోలీసులు వస్తున్నారని బెరింబావ్ మీద హెచ్చరించే ప్రత్యేకమైన వాయింపు ఉండేదని పెద్దలు చెప్తారు. గుర్రపు డెక్కల చప్పుడులా ఉంటుంది, దాన్ని ఇప్పటికీ నేర్పుతారు. సాల్వడోర్‌లో నేను ఒక పాత కోటకు వెళ్లాను, సాంతో ఆంతోనియో కోట. ఒకప్పుడు అది జైలు. ఇప్పుడు దాని గదుల్లో కపోయెరా పాఠశాలలున్నాయి. ఆ మందపాటి గోడల మధ్య నిలబడి బెరింబావ్ విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

బింబా అన్నదీ ముద్దుపేరే. ఆయన అసలు పేరు మనుయెల్ దోస్ రేయిస్ మషాదో. కడుపులో ఉన్నది ఆడపిల్ల అని తల్లి, మగపిల్లాడని మంత్రసాని పందెం వేసుకున్నారట. మంత్రసాని గెలిచింది, ఆ సందర్భంలో అన్న మాటే ఆయనకు పేరై నిలిచింది.

ఇక మీ అబ్బాయి. వాడు ఏమీ అనడం లేదన్నారు, ఆ మౌనం ఎలాంటిదో మీరే తెలుసుకోవాలి. నలుగురిలో కాకుండా కారులో ఇద్దరే ఉన్నప్పుడు అడగండి. బాగా ఎగురుతాడని పెట్టారా, ఒంటి రూపాన్ని బట్టి పెట్టారా అన్నది కనుక్కోండి. మొదటిదైతే వాడు లోపల పొంగిపోతూ ఉండొచ్చు. రెండోదై, వాడు నొచ్చుకుంటుంటే, టీచరు దగ్గరికి వెళ్లి మార్చమని అడగండి. అడగడంలో తప్పు లేదు. పిల్లలను నొప్పించే పేర్లు నాకు సమ్మతం కాదు, ఆ మాట మా బృందంలో కూడా చెప్పాను.

నాకు పేరు పెట్టింది 2014 వేసవిలో. ఆ రోజు అందరూ తలొక వంట తెచ్చారు, నేను పెద్ద గిన్నెడు పులిహోర పట్టుకెళ్లాను. మధ్యాహ్నానికి గిన్నె అడుగు కనిపించింది. సాయంత్రం తాడు కడుతూ మెస్త్రి నన్ను తమరిందో అన్నారు. చింతపండు.